మావాడితో ఒక మాట
మావాడికి పదేళ్ళు. పలకరిస్తే మొహం చూడడు. రైళ్ళ గురించి మాత్రం ఎదుటివారికి ఓపిక ఉన్నా లేకున్నా చెబుతూనే ఉంటాడు. మన సమావేశాల్లో వాణ్ణి చూసి "తెలివైనవాడే, కాస్త పొగరు" అనుకుంటారు. పొగరు కాదండీ, ఆటిజం.

ఇది పెంపకంలో లోపం కాదు. ఒకప్పుడు తల్లి ఆప్యాయత చాలకే ఇలా అవుతుందని డాక్టర్లే అన్నారు. ఆ వాదం తప్పని ఎప్పుడో తేలిపోయినా, మనవాళ్ళ నోట ఇంకా వినిపిస్తూనే ఉంది! అమెరికాలో 2022లో 16 ప్రాంతాల్లో లెక్క తీస్తే, ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరు ఇలాంటివారే.

1990లో ఇక్కడి ప్రత్యేక విద్యా చట్టంలో ఆటిజాన్ని చేర్చారు. దాని పుణ్యమా అని బడిలో స్పీచ్ థెరపీ ఉంది, వాడికంటూ ఒక ఐ.ఇ.పి. ఉంది. స్నేహితుడే లేడు. మిగతా పిల్లలకు దానంతటదే వచ్చేది వాడికి మెట్టు మెట్టుగా నేర్పాలి. "నేనూ ఆడొచ్చా?" అని అడగడం బొమ్మలు గీసి మూడు నెలలు నేర్పాం. కిందటి దీపావళికి ఒక అబ్బాయిని అడిగాడు, నేలకేసి చూస్తూ. ఆ అబ్బాయి నవ్వి వెళ్ళిపోయాడు. పసివాడు, అతనికి మాత్రం ఎవరు చెప్పారు?

మీ పిల్లలకు మీరు చెప్పండి. వాడు కళ్ళలోకి చూడకపోయినా వింటాడు. ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కాస్త ఆగమనండి. మైకు హోరుకి చెవులు మూసుకుంటే మాత్రం అప్పటికి వదిలేయాలి.

సంక్రాంతికి వస్తున్నాం. హాల్లో వెనక తలుపు పక్కన, స్పీకర్లకి దూరంగా కూర్చుంటాం.