డాక్టర్ ఫాస్టస్: మాట నిలుపుకున్నవాడి విషాదం

విద్యార్థులారా, క్రిస్టఫర్ మార్లో (1564-1593) రాసిన పునరుజ్జీవన కాలపు విషాదాంత నాటకం 'డాక్టర్ ఫాస్టస్' కథ ఈపాటికి మీకు తెలుసు. విటెన్‌బర్గ్ పండితుడు ఫాస్టస్ 24 ఏళ్ల భోగాల కోసం తన ఆత్మను లూసిఫర్‌కు రాసిస్తాడు. గడువు తీరగానే దయ్యాలు వచ్చి తీసుకుపోతాయి. 'పాపం చేశాడు, శిక్ష అనుభవించాడు' అని పరీక్షలో రాస్తే కథ చెప్పినట్టు అవుతుందే గాని, విషాదాన్ని వివరించినట్టు కాదు.

మన హరిశ్చంద్ర నాటకాన్ని దీని పక్కన నిలిపి చూడండి. వికారాబాదు, తాండూరు ప్రాంతాల నుంచి చదువుతున్న మీలో కొందరైనా కాటి సీను చూసే ఉంటారు. ఆడిన మాట తప్పనందుకు హరిశ్చంద్రుడికి చివర పోయినవన్నీ తిరిగి వస్తాయి. ఫాస్టస్‌కు మాత్రం మాట తప్పితేనే రక్షణ. ఒప్పందం రాస్తుండగా నెత్తురు గడ్డకట్టి కలం సాగదు. 'పారిపో' అనే లాటిన్ మాటలు చేతిమీద కనిపిస్తాయి. అయినా ఆగడు. చివరి భాగంలో ఒక వృద్ధుడు పశ్చాత్తాపపడమంటే అతని మనసు కదులుతుంది. మెఫిస్టోఫిలిస్ ఒళ్లు చీల్చేస్తానని బెదిరించగానే మళ్లీ నెత్తురుతో పాత మాటనే ఖాయం చేస్తాడు. ఆపైన కోరేది హెలెన్‌ను! నా దృష్టిలో నాటకానికి గుండెకాయ ఈ సన్నివేశమే.

ఇంతకీ ఆ 24 ఏళ్లలో ఏం సాధించాడు? పోపుకు చెంపదెబ్బ, ఒక నైట్ తలపై కొమ్ములు, గర్భిణి అయిన డచెస్‌కు జనవరిలో ద్రాక్షపళ్లు. అందుకే నవ్వు పుట్టించే సీన్లను దాటేయకండి.

ఈ నాటకానికి 1604, 1616 నాటి రెండు ముద్రిత పాఠాలున్నాయి. 'ఫాస్టస్ పశ్చాత్తాపపడగలిగితే' ఆలస్యం కాలేదని మొదటిదాంట్లో మంచి దేవదూత అంటాడు. రెండోదాంట్లో అది 'పశ్చాత్తాపపడదలిస్తే' అయింది. మొదటి మాట అతనికి ఆ శక్తి మిగిలిందా అన్న అనుమానం లేపుతుంది. రెండోది బాధ్యతను అతని మీదే పెడుతుంది. మీ పుస్తకంలో ఏ పాఠం ఉందో ముందు చూసుకోండి.

ఇక చివరి స్వగతం. అరవై పంక్తులకు మించదు. వికారాబాదులో రైలెక్కితే తాండూరులో దిగేలోపు నాలుగైదు సార్లు చదవవచ్చు. గడియారం పదకొండు కొట్టాక మొదటి అరగంటకు సుమారు ముప్పై పంక్తులు పడతాయి. తర్వాతి అరగంట ఇరవై పంక్తుల్లోనే అయిపోతుంది. వేదికమీద కాలమే తొందరపడుతోందన్నమాట. కొండల్ని తనమీద పడమంటాడు, భూమిని నోరు తెరవమంటాడు. క్రీస్తును పిలిచిన నోటితోనే లూసిఫర్‌ను వదిలిపెట్టమని బతిమాలుతాడు. తన పుస్తకాలు కాల్చేస్తానంటాడు. ఆఖరున అతని నోట వచ్చేది మెఫిస్టోఫిలిస్ పేరే.