చలికాలపు కుంపటి

గ్రామపెద్దలారా, ధనుర్మాసము ప్రవేశించినది మొదలు రథసప్తమి వఱకు మన అరసవల్లి ప్రాంతమున వేకువచలి ముసలియెముకలను విడువదు. అటకమీది కుంపటి క్రిందికి దిగును. మట్టికుంపటికి బీటలున్నవేమో చూడుడు. పాతబూడిద దులిపి గాలిద్వారమును శుభ్రపఱచుడు. బొగ్గులను రెండు దినములు ఎండబెట్టుడు. చెమ్మబొగ్గు పొగనే కాని సెగ నీయదు.

ఇంతవఱకు మన యిల్లాండ్రు ఎఱిగినదే. పొగ పోయి నిప్పులు ఎఱ్ఱబడగానే అపాయము తీఱెనని తలచి, కుంపటిని పడకగదిలోనికి తెచ్చి తలుపులు మూయుదురు. అదియే ముప్పు. నివుఱుగప్పిన నిప్పునుండియు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. మనము ఊపిరితో విడుచు బొగ్గుపులుసు గాలి వేఱు, ఇది వేఱు. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దీనిని ఇన్నూఱు రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రించువానికి తెలియకయే ప్రాణము పోవును. ఇది నెత్తురున ప్రాణవాయువును త్రోసివేయునని ఫ్రాన్సుదేశపు క్లాడ్ బెర్నార్డు 1857లోనే వెల్లడించెను.

కనుక కుంపటిని ఆరుబయటనో తెఱపిగల వసారాలోనో రాజేసి, అచ్చటనే చలి కాచుకొనుడు. కిటికీ ఓరగా తెఱచితిమను ధైర్యము చాలదు. పురిటిగదిలో కుంపటి పెట్టు ఆచారమున్న యిండ్లలో దానిని మాన్పించుట పెద్దల పని; బాలింతకు కంబళియు, బిడ్డకు తల్లియొడియు చాలును. ఎవరికైనను తలనొప్పి, కన్నుచీకట్లు, వాంతి తోచినచో వెంటనే బయటిగాలికి తెచ్చి, 108 బండిని పిలువుడు.