పాపం కాదమ్మా

గురువారం సాయంత్రం కౌకూర్ దర్గా దారిలో నడుస్తుంటే ఒక తల్లి ఆపింది. ఆదిలాబాద్ వైపు నుంచి పనికొచ్చిన మనిషి. కొడుకు చేతికి కొత్త తాయత్తు. వాడికి సికిల్‌సెల్ జబ్బు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన పంతులునని ఎవరో చెప్పారట.

"సార్, నా పాపమే పిల్లగానికి తగిలిందంటది మా అత్త. దేవుడు మాకే ఎందుకిట్ల రాసిండు?"

పక్కనే అరుగు మీద కూర్చున్నాం. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు ఈ జబ్బులో కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఆ నొప్పులు. ఒక్క జన్యువులో చిన్న మార్పు దీనికి మూలం. అది అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వస్తేనే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు, పైగా మలేరియా అతణ్ని అంత తేలిగ్గా చంపలేదు. దోమలున్న అడవి పల్లెల్లో తరతరాలుగా అలాంటివాళ్లే ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నారు. ఆ మార్పు అలా నిలిచిపోయింది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం అంటే ఇదే.

ఈ కథకు మన ఊళ్లతో చుట్టరికం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లోనే. రక్తపు జబ్బులకూ మలేరియాకూ ఇలాంటి ముడి ఉండొచ్చని జె.బి.ఎస్. హాల్డేన్ 1949లో ఊహించాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్‌సెల్ విషయంలో దాన్ని చూపించాడు. హాల్డేన్ తర్వాత మన దేశానికే వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

ఇంత తెలిశాక కూడా 2019 సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నారు. నాకు బాధేసింది. అవతారం అంటే దిగిరావడం, ఒక పని మీద రావడం. పరిణామానికి ఏ పనీ లేదు, ఎవరి మీదా జాలి లేదు. విశ్వాసానికి అసలు పరీక్ష చేప, తాబేలు వరుసలో లేదు. అన్నను మలేరియా నుంచి కాపాడిన జన్యువే తమ్ముణ్ని మంచాన పడేస్తుందే, అక్కడుంది. డార్విన్ కూడా 1851లో పదేళ్ల కూతురు ఆనీని పోగొట్టుకున్న తండ్రే.

నేను ఇప్పటికీ దీపం పెడతాను. కానీ జబ్బు పడ్డ పిల్లల్ని చూసి "పూర్వజన్మ కర్మ" అనడం ఎప్పుడో మానేశాను. అనే హక్కు లేదని ఈ శాస్త్రమే నాకు నేర్పింది.

"నీ పాపం కాదమ్మా. మీ తాతముత్తాతలను బతికించింది ఈ జన్యువు మార్పే. మళ్లీ కడుపుతో ఉంటే మాత్రం మొదట్లోనే పరీక్ష చేయించుకో. ప్రతి కాన్పులోనూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు" అన్నాను.

ఆమె పిల్లాడి తాయత్తు ముడి సరిచేసింది. కాసేపు మాట్లాడలేదు.

"గీ ముచ్చట మా అత్తకు మీరే చెప్పాలె సార్. నేను చెప్తే ఇనది."