వేరుశనగ వెన్నతో ఇంట్లోనే కేకు

"ఎంత బతిమాలినా రెండు ముద్దలకు మించి తినడం లేదండీ." జబ్బుపడి లేచిన మనిషిని చూసుకునే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. జ్వరం, ఆపరేషన్, క్షయ వంటి వాటి నుంచి కోలుకుంటున్న శరీరానికి మంచి ఆహారం ఎక్కువగా కావాలి. ఆకలి మాత్రం తక్కువగా ఉంటుంది. ఇలాంటప్పుడు పళ్లెం నిండా వడ్డించి బలవంతం చేయడం కంటే, కొద్దిగా తిన్నా బలాన్నిచ్చే పదార్థాన్ని రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టడం మేలు. వేరుశనగ వెన్నతో చేసిన కేకు అలాంటిదే.

వేరుశనగలో ఏముంది?

100 గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల దాకా కొవ్వు ఉంటాయి. వేయించిన గుళ్లను బాగా రుబ్బితే వాటిలోని నూనె బయటికి వచ్చి వెన్నలా ముద్ద అవుతుంది. దీనిలో పాల వెన్న కలవదు.

గుళ్లు ఏరడమే ముఖ్యం

తేమ తగిలిన వేరుశనగకు పట్టే ఒక రకం బూజు 'అఫ్లటాక్సిన్' అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో ఇలాంటి వేరుశనగ పిండి కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆ తరువాతే ఈ విషం సంగతి తెలిసింది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే కాలేయ క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. వేయించినా, కేకుగా కాల్చినా ఇది పూర్తిగా పోదు. కాబట్టి నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి.

కావలసినవి

వేరుశనగ గుళ్లు 130 గ్రాములు, గోధుమ పిండి ఒకటిన్నర కప్పు, చక్కెర అర కప్పు, గుడ్లు 2, పాలు ముప్పావు కప్పు, నూనె పావు కప్పు, బేకింగ్ పౌడరు ఒకటిన్నర చెంచా, చిటికెడు ఉప్పు. గుడ్డు తినని వారు అర కప్పు పెరుగు వాడవచ్చు. బేకింగ్ పౌడరు, వంట సోడా ఒకటి కావు. దాని బదులు ఇది వేయకండి.

చేసే విధానం

1. గుళ్లను సన్నని సెగపై దోరగా వేయించి, చల్లారాక పొట్టు తీయండి. మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ, అంచులకు అంటిన పిండిని దించుతూ, మెత్తని ముద్ద అయ్యేవరకు రుబ్బండి. నీళ్లు పోయకూడదు.

2. గుడ్లు, చక్కెర, నూనె గిలకొట్టి, వేరుశనగ వెన్న, పాలు కలపండి. పిండి, బేకింగ్ పౌడరు, ఉప్పు జల్లించి వేసి, ఉండలు లేకుండా కలపండి.

3. ఓవెన్ లేకపోతే మందపాటి పాత గిన్నెలో అంగుళం మేర ఇసుక పోసి, పైన చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి 10 నిమిషాలు వేడి చేయండి. నూనె రాసిన పళ్లెంలో పిండిని సగం వరకే పోసి లోపల పెట్టి, మూత మూసి, సన్నని సెగపై 40 నుంచి 50 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

4. చల్లారాక 12 ముక్కలు కోయండి. ఒక్కో ముక్కలో సుమారు 200 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో రెండు రోజుల వరకు ఉంచవచ్చు.

ఎవరికి పెట్టకూడదు?

వేరుశనగ పడనివారికి ఒక్క తునక కూడా పెట్టకండి. తిన్న కాసేపటికి దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి ఈ కేకు గొంతుకు అడ్డం పడవచ్చు. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారికి, కడుపు ఆపరేషన్ జరిగి ఎక్కువ రోజులు కానివారికి డాక్టరును అడిగిన తరువాతే పెట్టండి.

కేకు మందు కాదు, భోజనానికి బదులూ కాదు. రోగి రోజూ ఎంత తిన్నదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండు వారాలైనా ఆకలి పుట్టకపోయినా, బరువు తగ్గుతున్నా ఆ కాగితంతో డాక్టరు దగ్గరకు రండి.