అద్దకపు కొట్టులో ఏమున్నదో వీధికి తెలియవలెను

మన ఇండ్లలో మగ్గం ముందు గదిలోను, రంగుల కాగు పెరటిలోను ఉండుట తాతల నాటి అలవాటు. షోలాపూరైనా, సేలమైనా, బరంపురమైనా మన వీధుల తీరు ఇంచుమించు ఒక్కటే. నీలిమందు, చిరువేరు కాచిన రోజులలో ఆ పెరటి వల్ల ఇంటికి పెద్ద భయం ఉండెడిది కాదు. నేడు అదే పెరటిలో హైడ్రోస్ డబ్బా, కాస్టిక్ సోడా, బ్లీచింగ్ పౌడరు, ఆసిడు సీసా పక్కపక్కనే ఉంటున్నవి. గోడ అవతల పిల్లలు నిద్రపోవుచుందురు.

కొన్నేండ్ల క్రిందట మా వీధిలో జరిగిన సంగతి చెప్పెదను. ఒక వానరాత్రి, అద్దకపు కొట్టు పెంకుల సందున కారిన నీరు మూత సరిగా లేని హైడ్రోస్ డబ్బాలో పడినది. హైడ్రోస్‌కు తడి తగిలిన తనంత తానే వేడెక్కును, ఊపిరాడనీయని గంధకపు వాయువును వదలును, ఒక్కొక్కప్పుడు అంటుకొనును. ఆనాడు అంటుకొన్నది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి మొదట అడిగిన మాట, “లోపల ఏమున్నది?” యజమాని ఊరిలో లేడు. ఇరువది మందిమి నిలబడి ఉన్నాము, ఒక్కరికీ తెలియదు. ప్రాణహాని జరుగలేదు గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

పెద్ద ప్రమాదాలలోను ఈ లోపమే కనబడును. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేటు వెలువడినప్పుడు, అది ఏ వాయువో, దానికి ఏ చికిత్స చేయవలెనో అక్కడి వైద్యులకే తెలియలేదు. వేలమంది మరణించిరి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర స్టైరీన్ ఆవిరి ఊరిని కమ్మినప్పుడు హెచ్చరిక సైరను మ్రోగలేదని ప్రభుత్వం నియమించిన సంఘమే తేల్చినది. 12 మంది పోయిరి.

భోపాలు తరువాత, 1989లో, కేంద్ర ప్రభుత్వం ప్రమాదకర రసాయనాలకు నియమాలు చేసినది. ప్రమాద సమయపు సన్నాహాలకు 1996లో వేరే నియమాలు వచ్చినవి. వాటి సారం ఇది: నిర్ణీత పరిమాణానికి మించి రసాయనం ఉంచు కార్ఖానా ఆ సంగతి అధికారులకు ముందే తెలుపవలెను. ప్రమాదం వచ్చిన ఏమి చేయవలెనో ఆవరణ లోపలికి కార్ఖానా, వెలుపలి జనానికి జిల్లా అధికారులు ముందుగా పథకం వ్రాసి ఉంచవలెను. కార్ఖానా తన పథకాన్ని ఆరు నెలలకొకసారి ఆచరించి చూడవలెను. పెద్ద ప్రమాదం జరిగిన 48 గంటలలో తెలియజేయవలెను. చుట్టుపట్ల వారికి భయం ఏమిటో, అప్పుడెట్లు మెలగవలెనో ముందే చెప్పవలెను.

ఈ పథకాల బాధ్యత మన చిన్న కొట్లకు సాధారణంగా రాదు. క్లోరిన్ వాయువు విషయంలో ఆ లెక్క 10 టన్నుల దగ్గర మొదలగును. కాని బ్లీచింగ్ పౌడరు మీద ఆసిడు ఒలికిన అదే క్లోరిన్ మన పెరటిలోనే పుట్టును. ఇరుకు గదిలో మనిషిని కూలద్రోయుటకు టన్నులు అక్కరలేదు. కాబట్టి చట్టం అడుగకున్నను, దాని పద్ధతి మనం పట్టవలెను.

ఒకటి: కొట్టులోని మందుల పేర్లు, ఇంచుమించు ఎంత ఉన్నవో కాగితం మీద వ్రాసి తలుపు వెలుపల అంటించండి. తెలుగుతోపాటు ఆ ఊరి భాషలోను వ్రాయవలెను. వచ్చు సిబ్బందికి మన లిపి రాకపోవచ్చును.

రెండు: హైడ్రోస్‌ను పొడిచోట, నేలకు ఎత్తుగా, మూత బిగించి ఉంచండి. ఆసిడును దానికీ, బ్లీచింగ్ పౌడరుకూ దూరంగా వేరే గదిలో పెట్టండి.

మూడు: ఏడాదికి రెండుసార్లైనా వీధివారు కూడి, పిల్లలను, ముసలివారిని ఎవరు తీసికొనిపోవలెనో, గాలికి అడ్డంగా ఏ దారిన పోవలెనో, 112కు ఎవరు ఫోను చేయవలెనో నిర్ణయించుకొని, ఒకసారి నడచి చూడండి.

నాలుగు: చిన్న ప్రమాదమైనను దాచవద్దు. పరువు పోవుననో, బేరం పోవుననో దాచిన సంగతి రేపు పక్కింటిలో మరల జరుగును. సంఘంలో చెప్పి వ్రాయించండి.

ఈ నాలుగింటికి ఖర్చు లేదు. రేపు కాగు క్రింద నిప్పు పెట్టకముందే మొదటి కాగితం వ్రాయవలెనని సోదర సోదరీమణులకు మనవి.