కైమా మీద బంగాళాదుంపకు బదులు

అనకాపల్లిలో ఎవరికైనా షుగరు ఉందని తెలిస్తే ఇంట్లోంచి ముందుగా బయటికి పోయేది పంచదార డబ్బా. ఆ చోట బెల్లం దిమ్మ వచ్చి కూర్చుంటుంది. తరతరాలుగా బెల్లం మీద బతికిన ఊరు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనదొకటి. చెరకు మీద ఇక్కడ 1913లోనే పరిశోధన మొదలైంది. అలాంటి చోట బెల్లం కీడు చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. అయినా 100 గ్రాముల బెల్లంలో సుమారు 85 గ్రాములు చక్కెరలే. ఇనుము, ఖనిజాలు ఉన్నమాట నిజమే గానీ ఒక చెంచాలో వచ్చేది బహు కొద్ది. రక్తంలో గ్లూకోజు పెంచడంలో పంచదారకూ బెల్లానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, పిండి పదార్థాలు తగ్గించడమంటే తీపి మానడమేనని చాలామంది అనుకుంటారు. మన పళ్లెంలో అసలు బరువంతా తీపి లేని చోటే ఉంది. అన్నం, ఇడ్లీ, ఉప్మా, బంగాళాదుంప వేపుడు. భారతీయుల ఆహారంలో మొత్తం శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే తేల్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో లెక్క చెప్పింది కూడా ఆ సర్వేనే.

మా మావయ్యకు షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. ఆయన కూతురు ఇంగ్లండులో ఉంటుంది. కిందటి క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు అక్కడ చలికాలంలో ఇంటింటా చేసుకునే కైమా వంటకం ఒకటి చేసి పెట్టింది. అడుగున చిక్కటి కైమా కూర, దాని మీద మందంగా మెత్తటి బంగాళాదుంప ముద్ద, ఆ రెండింటినీ ఓవెన్‌లో పెట్టి పైభాగం ఎర్రబడేదాకా కాల్చడం. మావయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. తర్వాత మీటరు చూసుకుని, "ఇందులో తీపి ఏటీ లేదు కదమ్మా!" అన్నాడు. అదే వంటకాన్ని ఆయన పళ్లానికి తగ్గట్టు మార్చడానికి మేం పడిన కష్టమే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. 'మిన్స్' అంటే కైమాయే అయినా, ఇంగ్లీషు వాళ్ల 'మిన్స్ పై' అంటే ఇప్పుడు క్రిస్మస్‌కు చేసే చిన్న తీపి తినుబండారం. మైదా గిన్నెలో ఎండు ద్రాక్ష, మసాలా దినుసులు నింపి కాలుస్తారు. మన కజ్జికాయకు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఒకప్పుడు అందులోనూ మాంసం ఉండేది; కాలక్రమాన మాంసం పోయి పండ్లు మిగిలాయి. మా మరదలు చేసింది రెండో రకం, కైమా మీద బంగాళాదుంప పరిచేది. దీన్ని 'కాటేజ్ పై' అనడం 1791 నాటికే ఉంది. గుడిసెల్లో ఉండే పేదలకు బంగాళాదుంపే ఆధారం కాబట్టి ఆ పేరు. 'షెపర్డ్స్ పై' అన్న పేరు 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. ఈ రోజుల్లో గొడ్డుమాంసంతో చేస్తే మొదటి పేరు, గొర్రె మాంసంతో చేస్తే రెండోది. మన వైపు వేట మాంసం కైమాయే గనక మనది రెండో దానికి దగ్గర.

ఏ వంటలోనైనా పిండి పదార్థం తీసేయాలంటే అది అక్కడ ఏ పని చేస్తోందో ముందు తెలుసుకోవాలి. ఇక్కడ మూడు పనులు. పైన మూతలా నిలబడి కింది కూరను ఎండిపోకుండా కాపాడుతుంది. కూరలో కలిపిన మైదా రసాన్ని చిక్కబరుస్తుంది. తిన్నవాడికి కడుపు నిండుతుంది. ఒక్కో పనికీ ఒక్కో బదులు వెతుక్కోవాలి. అన్నిటికీ కలిపి ఒకే పదార్థం దొరుకుతుందనుకుంటే వంట చెడుతుంది.

మూత పనికి కాలీఫ్లవరే సరైనది. మన ఊళ్లో అది బాగా దొరికేది కూడా చలికాలంలోనే. ఇంగ్లండు నుంచి 1822లో సహరాన్‌పూర్ కంపెనీ తోటకు గింజలు వచ్చాకే ఇది మన దేశంలో పాకింది. 100 గ్రాముల బంగాళాదుంపలో సుమారు 15 గ్రాముల పిండి పదార్థం ఉంటే, పీచు తీసేసి లెక్కిస్తే కాలీఫ్లవర్‌లో ఉండేది 3 గ్రాములే. ఆ తేడా నీళ్లలో ఉంది. పువ్వులో నూటికి 92 పాళ్లు నీరే. మొదటిసారి మేం చేసిన పొరపాటూ అక్కడే. బంగాళాదుంపను ఉడికించినట్టు నీళ్లలో వేసి ఉడికించాం. పైన వేసిన ముద్ద కూరలోకి కారిపోయి, కైమా పులుసు అయి కూర్చుంది.

రెండోసారి ఇడ్లీ పాత్ర తీశాం. పువ్వులను పసుపు, ఉప్పు వేసిన వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగు పైకి వచ్చేస్తుంది. తర్వాత ఇడ్లీ రేకుల మీద పరిచి ఆవిరి మీద 10, 12 నిమిషాలు. కాడలోకి చాకు సులువుగా దిగితే చాలు. అంతకు మించితే గంధకం వాసన మొదలవుతుంది. ఉడికిన పువ్వులను పలుచటి పంచె గుడ్డ మీద ఆరబోసి, మూట కట్టి గట్టిగా పిండాలి. ఎంత నీరు వస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆపైన మూకుట్లో రెండు చెంచాల నెయ్యి వేసి, ఆ ముద్దను సన్నని సెగ మీద తడి ఇంకేదాకా కలియబెట్టాలి. చివరికి తురిమిన పన్నీరు 100 గ్రాములు, ఒక గుడ్డు పచ్చసొన, మిరియాల పొడి. బంగాళాదుంపలో గంజి ఉంటుంది, అది తనంతట తాను పట్టు ఇస్తుంది. కాలీఫ్లవర్‌కు ఆ గుణం లేదు. అందుకే గుడ్డు, పన్నీరు అవసరం. మిక్సీలో మాత్రం ఎక్కువ తిప్పకూడదు, పప్పుగుత్తితో మెదిపితే చాలు.

రెండో పని చిక్కదనం. ఇంగ్లీషు వంటలో ఇక్కడ రెండు చెంచాల మైదా పడుతుంది. ఈ చోట మన వంటిల్లు వాళ్లకంటే ముందుంది, ఆ మాట గర్వంగానే చెబుతాను. కైమా కూరను మనం ఎన్నడూ మైదాతో చిక్కబరచలేదు. గసగసాలు, ఎండు కొబ్బరి నూరి వేస్తాం. రెండింటిలోనూ కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం తక్కువ. అర కిలో కైమాకు ఒక చెంచా గసగసాలు, రెండు చెంచాల కొబ్బరి సరిపోతాయి. ఉల్లి, అల్లం వెల్లుల్లి, టమాటా వేగాక కైమా వేసి కుక్కర్‌లో మూడు విజిల్స్ రానిచ్చి, మూత తీసి నీరంతా ఇగిరేదాకా పెద్ద సెగ మీద వేయించాలి. అన్నంలోకి చేసే కూర కంటే ఇది గట్టిగా ఉండాలి; గరిటె లాగితే అడుగు కనపడాలి. పచ్చి బఠాణీ మానేశాం, క్యారెట్ సగానికి తగ్గించాం.

వాళ్లు ఈ కైమాలో వూస్టర్ సాస్ అనే నల్లటి ద్రవం నాలుగు చుక్కలు వేస్తారు. లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల వ్యాపారులు 1837లో అమ్మకానికి పెట్టారు. సీసా తిప్పి పదార్థాల పట్టిక చదివితే అందులో మన చింతపండు ఉంటుంది, దాంతోపాటు చక్కెర, మొలాసిస్ కూడా. ఆ సీసా కోసం విశాఖ దాకా వెళ్లనక్కర్లేదు. ఒక చెంచా చింతపండు గుజ్జు, కాస్త మిరియం వేస్తే ఆ పులుపు వస్తుంది. చింతపండులోనూ చక్కెరలున్నాయి గానీ నలుగురి కూరకు ఒక చెంచా లెక్కలోకి రాదు.

ఓవెన్ లేనివాళ్లు పాత కుక్కర్ వాడుకోవచ్చు. గాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. స్టీలు గిన్నెలో కైమా, దాని మీద కాలీఫ్లవర్ ముద్ద పరిచి 25 నిమిషాలు. పైన ఎర్రని రంగు మాత్రం రాదు. ఇనుప అట్లకాడను మంట మీద బాగా కాల్చి, నెయ్యి రాసిన ముద్ద మీద అద్దితే చుర్రుమని అచ్చులు పడతాయి. ఆ కాలిన వాసన లేకపోతే ఈ వంటకానికి ప్రాణం లేదు.

ఇప్పుడు లెక్క. నలుగురికి 800 గ్రాముల బంగాళాదుంప, మైదా, బఠాణీ, క్యారెట్, ఉల్లి వేసి చేసిన పాత పద్ధతిలో మనిషికి సుమారు 40 గ్రాముల పిండి పదార్థం పడుతుంది. కొత్త పద్ధతిలో 11, 12 గ్రాములు. ఇందులో ఉల్లి, టమాటాల వాటా కూడా ఉంది.

ఈ లెక్కను ఒక్క దెబ్బతో పాడుచేసేది మన అలవాటు. ఏది వండినా మనకు అన్నంలోకే. ఈ వంటకం బల్ల మీదికి రాగానే మా అత్త గంపెడు అన్నం తెచ్చి పెట్టింది. 250 గ్రాముల వండిన అన్నంలో 70 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. దుంప తీసి అన్నం కలుపుకుంటే మిగిలిందేమీ లేదు, పైగా ఎక్కువే అయింది. కడుపు నింపడమనే మూడో పనికి బదులు కావాలన్నది ఇందుకే. కైమాలో మాంసకృత్తులు, పువ్వులో పీచు, పైన నెయ్యి, పన్నీరు ఉన్నాయి. వీటితో ఆకలి తీరుతుంది గానీ నెమ్మదిగా. మొదటి పది నిమిషాల్లో నిండినట్టు అనిపించదు. పక్కన కీరా ముక్కలు, గట్టి పెరుగు పెట్టుకుని తాపీగా తినాలి.

మందులు వాడేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ తీసుకుంటూ ఒక్కసారిగా పిండి పదార్థం బాగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు పేరుకునే అపాయం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాంసం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతి మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా పాకింది. అన్నం పూర్తిగా పక్కన పెట్టి కొబ్బరి నూనె, గుడ్లు, మాంసం మీద ఉండడం అది. దాని మీద డాక్టర్లతో పెద్ద వాదనే నడిచింది. నేను చెబుతున్నది అంత దూరం పోయేది కాదు. వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2022లో వచ్చిన అధ్యయనం, కొత్తగా షుగరు వచ్చినవాళ్లు పిండి పదార్థాల వాటాను 49 నుంచి 54 శాతానికి తెచ్చుకోవాలని లెక్కగట్టింది. అంటే మొత్తం మానడం కాదు, ఉన్నదాంట్లోంచి కొంత తగ్గించడం. వారంలో నాలుగైదు పూటలు ఇలాంటి మార్పు చేసుకున్నా ఆ దారిలో పడ్డట్టే.

మావయ్య ఇప్పుడు రెండు గరిటెల అన్నం ముందే వేరుగా పెట్టుకుంటాడు. కైమా, పువ్వు ముద్ద తినేశాక, చివర్లో పెరుగు కలుపుకోవడానికి. ఆ అన్నం కూడా లేకపోతే భోజనం చేసినట్టు ఉండదట. తిన్న రెండు గంటలకు మీటరు పెట్టుకుని, ఆ అంకెను క్యాలెండరు మీద రాసుకుంటాడు. ఇంగ్లండు నుంచి కూతురు ఫోన్ చేసినప్పుడు మొదట చదివి వినిపించేది అదే.