మందు కొట్టే పంపుకి జబ్బు చేస్తే...

వీపున ట్యాంకు తగిలించుకుని, ఒక చేత్తో మీట ఆడిస్తూ, రెండో చేత్తో గొట్టం పట్టుకుని చేలో మందు కొట్టే రైతును మీరు చూసే ఉంటారు. ఆ ట్యాంకులో సుమారు 16 లీటర్లు పడతాయి. ఒక్కోసారి ఎంత ఆడించినా తుంపర రాదు. నాజిల్ చివర చుక్కలు కారుతుంటాయి, అంతే. ఎందుకని?

ముందు లోపల ఏముందో చూద్దాం. మీట కదిలితే స్తూపంలో ముషలకం కదులుతుంది. ఒక దెబ్బకి ట్యాంకులోని ద్రవం స్తూపంలోకి వస్తుంది. ఎదురు దెబ్బకి అది పీడన గదిలోకి పోతుంది. వెనక్కి రాకుండా రెండు కవాటాలు అడ్డుకుంటాయి. చాలా పంపుల్లో ఇవి చిన్న గోళీలే! పీడన గదిలో చిక్కుకున్న గాలి నొక్కుకుపోతుంది. బాయిల్ నియమం చదువుకున్నారు కదా? గాలి పరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుంది. మీట ఆగిన క్షణంలో కూడా ద్రవాన్ని బయటికి నెట్టేది ఆ గాలే.

ఇక రోగ నిర్ణయం. మెకానిక్ సగం సంగతి మీట పట్టుకునే చెప్పేస్తాడు. మీట మరీ తేలికగా ఆడుతోందా? పీడనం నిలవడం లేదన్నమాట. ముషలకం వాషరు అరిగి ఉండాలి, లేదా గోళీ కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉండాలి. తోలు వాషరయితే ఎండి ముడుచుకున్నా ఇంతే. నూనెలో నానబెడితే మళ్లీ సాగుతుంది. మీట బిగుసుకుపోయి, తుంపర రావడం లేదా? అప్పుడు జల్లెడో నాజిలో పూడుకుపోయిందని అర్థం. బ్యాటరీ పంపులకు మీట బాధ లేదు గాని, జల్లెడ, నాజిల్ బాధలు వాటికీ ఉన్నాయి.

పూడుకున్న నాజిల్‌ను కొందరు నోటితో ఊదుతారు. అది విషంతో చెలగాటం! మరికొందరు గుండుసూదితో పొడుస్తారు. దానివల్ల రంధ్రం పెద్దదవుతుంది, చుక్కలూ పెద్దవవుతాయి. అయితే ఏం? లెక్క వేయండి. 0.4 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక చుక్కను 0.2 మిల్లీమీటర్ల చుక్కలుగా విడగొడితే ఎన్ని వస్తాయి? రెండు కాదు, ఎనిమిది! పెద్ద చుక్క ఆకు మీంచి జారి నేలపాలవుతుంది. చిన్నవి ఆకంతా పరుచుకుంటాయి. అందుకే నాజిల్‌ను నీళ్లలో పాత పళ్ల బ్రష్షుతో తోమాలి. అరిగిందో లేదో తెలియాలంటే ఒక నిమిషంలో ఎన్ని నీళ్లు వస్తాయో కొలపాత్రలో పట్టి చూడాలి. అదే పీడనం దగ్గర కొత్తదానికంటే 10 శాతం ఎక్కువ వస్తే దాన్ని మార్చెయ్యడమే.

అన్నిటికన్నా ప్రమాదం మూత వాషరు చెడడం. రైతు వంగినప్పుడల్లా మందు వీపు మీద కారుతుంది. చాలా పురుగుమందులు చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. తడిసిన చొక్కా ఆ పనికి తోడవుతుంది. మందు కలపకముందే ట్యాంకులో ఒట్టి నీళ్లు పోసి, మీట ఆడించి, ఎక్కడ కారుతోందో చూడాలి. ఒక్క వాషరు వెల ఎంతని! (మందు కొట్టిన పంపును పెద్దలే విప్పాలి. మీరు చూసి నేర్చుకోండి.)

పంపు బాగానే ఉన్నా పంట పోయే సందర్భం ఒకటుంది. వరిలో వెడల్పాకు కలుపు చావడానికి 2,4-డి కొడతారు. అదే పంపును సరిగా కడగకుండా పత్తిలో వాడితే, ట్యాంకు మూలల్లో, రబ్బరు గొట్టంలో మిగిలిన కాస్త మందే చాలు. పత్తి దానికి మహా సున్నితం. కొత్తగా వచ్చే ఆకులు సన్నబడి, చేతివేళ్లలా చీలి, బెండాకుల్లా కనిపిస్తాయి. ఇది తెలిసిన రైతులు కలుపు మందుకు వేరే పంపు ఉంచుకుని, దాని మీద రంగుతో గుర్తు వేస్తారు.